అలీపూర్ కేసు పట్టిన బారిస్టరు

ఏ3 అంటే పోయినేడాది దాకా నాకు డ్రాయింగ్ షీటు సైజే గుర్తొచ్చేది. ఇప్పుడు అలా కాదు. ఒక ఎఫ్ఐఆర్‌లో మూడో ముద్దాయిని నేను.

కంగారు పడకండి, ఘోరమేమీ చేయలేదు. ఫెస్ట్ రాత్రి హాస్టల్ గేటు దగ్గర రెండు బ్రాంచీల వాళ్ళకి మాటా మాటా పెరిగింది. తోపులాటలో ఒకబ్బాయికి కనుబొమ్మ చిట్లి రెండు కుట్లు పడ్డాయి. పొద్దున్నే వాళ్ళ నాన్నగారు స్టేషన్లో కంప్లయింట్ ఇచ్చారు. నేను చెయ్యెత్తలేదు. ఆ అబ్బాయి లోపలికి పోకుండా గేటుకి అడ్డంగా నిలబడ్డానని మాత్రం అందులో రాసుంది. నిలబడ్డ మాట నిజమే. గొడవ ఆపడానికి నిలబడ్డానా, వాణ్ణి ఆపడానికి నిలబడ్డానా అన్నదే కేసు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకూ సరిగ్గా తెలీదు.

భారతీయ న్యాయ సంహితలో 115(2), 126(2), వాటితో పాటు 3(5). మొదటిది గాయపరచడం, ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోది దారికి అడ్డుపడటం, నెల దాకా సాధారణ జైలు, లేదా అయిదువేల దాకా జరిమానా, లేదా రెండూ. మూడోదానికి విడిగా శిక్ష లేదు కానీ నా వరకు అసలు ముల్లు అదే. కొంతమంది ఒకే ఉద్దేశంతో ఒక పని చేస్తే, ఎవరి చెయ్యి తగిలినా అందరూ చేసినట్టే లెక్క. అంటే వాడి కనుబొమ్మ మీద పడ్డ దెబ్బ నాదీ అవుతుందన్నమాట. ఈ మాత్రం అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

స్టేషన్లో 35(3) నోటీసిచ్చి పంపేశారు, అరెస్టు చెయ్యలేదు. నాన్న ఊరి నుంచి వచ్చి తెలిసినవాళ్ళ ద్వారా ఒక లాయరుని పట్టుకున్నారు. ఆయన ఎఫ్ఐఆర్ చదవలేదు. కోర్టులో ఒప్పేసుకుంటే జరిమానాతో పోతుందని, కుర్రాడి చదువు పాడు కాదని చెప్పి ఫీజు సగం తీసుకున్నారు. నాన్నకి ప్రాణం లేచొచ్చినట్టయింది. నాకూ అంతే. నేరం ఒప్పుకుని జరిమానా కడితే అది శిక్ష పడ్డట్టేనని, రేపు ఏ ఉద్యోగం ఫారంలోనైనా శిక్ష పడిందా అన్న గడి ఎదురైతే అవునని రాయాల్సి వస్తుందని మాకు ఎవరూ చెప్పలేదు.

చెప్పింది ఒక లాయరు మేడం. మా రూమ్మేట్ వాళ్ళ అక్క సలహా మీద కోర్టు ఆవరణలోనే ఉన్న న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్తే అక్కడ దొరికారు. ఆవిడ ముందు ఎఫ్ఐఆర్ కాపీ అడిగారు. నా ఫోన్లో ఉన్నదాన్ని రెండుసార్లు చదివారు, మూడోసారి పెన్సిలు పట్టుకుని చదివారు. అప్పటిదాకా ఆ కాగితాన్ని అంత శ్రద్ధగా చదివినవాళ్ళు ఎవరూ లేరు, నాతో సహా.

ఆ గదిలో గోడ మీద ఒక పాత ఫొటో ఉంది. శాలువా, గుండ్రటి మొహం, కొంచెం అలసినట్టున్న కళ్ళు. ప్రకాశం పంతులు గారేమో అనుకుని అడిగాను. కాదు, చిత్తరంజన్ దాస్ అన్నారు మేడం. మెకానికల్ వాణ్ణి కదా, నాకు చిత్తరంజన్ అంటే రైలింజన్లు తయారయ్యే ఊరు. కాజీపేటలోనో విజయవాడలోనో ఆగిన ఎలక్ట్రిక్ ఇంజన్ పక్కన నిలబడి చూస్తే ఆ పేరు కనపడుతుంది. ఆ పేరు ఒక మనిషిదని, ఆ మనిషి డిఫెన్స్ లాయరని అప్పటిదాకా తెలీదు. అలీపూర్ కేసు గురించి చదువుకోమన్నారు మేడం. వాయిదాల మధ్య చదవడానికి నాకు బోలెడంత టైముంది. చదివాను. ఈ వ్యాసం అందులోంచి వచ్చిందే.

చిత్తరంజన్ దాస్ 1870 నవంబరు 5న కలకత్తాలో పుట్టారు. సొంతూరు ఢాకా వైపు బిక్రంపూర్‌లోని తేలిర్‌బాగ్. బ్రహ్మసమాజపు కుటుంబం. తండ్రి భువన్‌మోహన్ దాస్ సొలిసిటరు. చెయ్యి పెద్దది, అప్పులు అంతకన్నా పెద్దవి. కొడుకు ప్రెసిడెన్సీ కాలేజీలో డిగ్రీ చేసి ఐసీఎస్ కోసం లండన్ వెళ్ళాడు. పాసు కాలేదు. బారిస్టరీ చదివి 1890ల మధ్యలో తిరిగొచ్చి కలకత్తా హైకోర్టులో కోటు తొడుక్కున్నాడు.

మొదటి పదేళ్ళూ ఏమంత ఘనంగా సాగలేదు. మన సీనియర్లు చెబుతుంటారే, బీటెక్ అయ్యాక మొదటి రెండేళ్ళ గురించి, అలాంటి పరిస్థితే కాకపోతే పదేళ్ళు. కేసులు తక్కువ, ఇంట్లో అప్పులవాళ్ళు ఎక్కువ. 1906 నాటికి తండ్రీ కొడుకులిద్దరూ దివాళా పిటిషను వేసుకోవాల్సి వచ్చింది. బారిస్టరు పేరు దివాలాకోర్ల జాబితాలో ఉండటం అంటే ఆ రోజుల్లో ఎంత తలవంపో ఊహించుకోవచ్చు. ఈ మధ్యలోనే ఆయన కవిత్వం రాశారు. మాలంచ అనే సంపుటి వచ్చింది. తర్వాత సాగర్ సంగీత్ వచ్చింది. మన క్లబ్బులో చేరదగ్గ మనిషే.

వంగ విభజన వ్యతిరేకోద్యమం రోజులవి. 1907లో సంధ్య పత్రిక సంపాదకుడు బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ మీద రాజద్రోహం కేసు పెట్టారు. దాస్ ఆయన తరఫున నిలబడ్డారు. కేసు నడుస్తుండగానే ఉపాధ్యాయ ఆసుపత్రిలో చనిపోయారు. అదే ఏడాది వందేమాతరం పత్రిక కేసులో సాక్ష్యం చెప్పనని మొరాయించిన బిపిన్ చంద్రపాల్‌కి ఆరు నెలలు పడింది. అక్కడా దాస్ ఉన్నారు. ఇవేవీ డబ్బు తెచ్చే కేసులు కావు. అయినా సర్కారు కేసు పెట్టినప్పుడు ఎవరింటి తలుపు తట్టాలో కలకత్తాలో కొంతమందికి తెలిసొచ్చింది.

1908 ఏప్రిల్ 30న ముజఫర్‌పూర్‌లో జడ్జి కింగ్స్‌ఫర్డ్‌ది అనుకుని ఒక బగ్గీ మీద బాంబు వేశారు ఖుదీరాం బోస్, ప్రఫుల్ల చాకీ. అందులో ఉన్నది కింగ్స్‌ఫర్డ్ కాదు, కెనడీ అనే ఆయన భార్య, కూతురు. ఇద్దరూ చనిపోయారు. రెండు రోజులు తిరక్కుండానే కలకత్తా అంతా సోదాలు. మానిక్‌తలా తోటలో బాంబుల సామగ్రి దొరికింది. ఆ తోట ఘోష్ కుటుంబానిది. అక్కడి గుంపుకి నాయకుడు బారీంద్ర ఘోష్. వాళ్ళ అన్న అరవింద ఘోష్. మనం తర్వాత శ్రీ అరవిందులుగా ఎరిగినాయన. గ్రే స్ట్రీట్‌లోని ఇంట్లో తెల్లారకుండానే పోలీసులు రివాల్వర్లతో పడకగదిలోకొచ్చి, చేతులకి బేడీలేసి, నడుముకి తాడు కట్టారు.

సోదాలో ఒక అట్టపెట్టెలో మట్టి దొరికింది. దక్షిణేశ్వరం నుంచి ఎవరో భక్తితో తెచ్చిచ్చిన మట్టి. దాన్ని పోలీసు అధికారి చాలాసేపు అనుమానంగా చూశాడట, బాంబు పొడేమోనని. అరవిందులు తర్వాత తన జైలు జ్ఞాపకాల్లో ఈ సంగతి నవ్వుతూ రాసుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముందు నేరస్తుడని ఖాయం చేసుకుని గదిలోకి వస్తే మట్టి కూడా మందుగుండులా కనపడుతుంది. గేటు దగ్గర నేను చేతులు చాపి నిలబడ్డ సీసీటీవీ ఫొటో ఒకటుంది. దాన్ని ఎలా చూస్తే అలా కనపడుతుంది.

కేసు పెట్టింది శిక్షాస్మృతిలో 121 నుంచి మొదలయ్యే సెక్షన్ల కింద. 121 అంటే చక్రవర్తి మీద యుద్ధం చేయడం. దానికి ఉరి, లేదా యావజ్జీవ ద్వీపాంతరవాసం, పైగా ఆస్తి జప్తు. 121ఏ అందుకు కుట్ర పన్నడం. 122 ఆయుధాలు పోగుచేయడం. 123 అలాంటి పథకం తెలిసీ దాచడం. దీనికే పదేళ్ళ దాకా పడొచ్చు. మెట్లు మెట్లుగా ఉంటాయి చూడండి. బాంబు పట్టుకున్నవాడు ఒక మెట్టు, మాట్లాడుకున్నవాడు ఒక మెట్టు, తెలిసీ నోరు మెదపనివాడు ఇంకో మెట్టు. ముప్ఫై మందికి పైగా ముద్దాయిలు. అందరినీ ఒకే తాటికి కట్టగలిగితే సర్కారు గెలిచినట్టు. ఆ తాడు పేరే కుట్ర.

సర్కారు తరఫున వాదించడానికి మద్రాసు నుంచి ఎర్డ్లీ నార్టన్‌ని పిలిపించారు. మద్రాసు హైకోర్టులో ఆయన పేరు చెబితే అవతలి వకీళ్ళు గొంతు సవరించుకునేవాళ్ళు. రోజుకి వెయ్యి రూపాయలు ఫీజని చెబుతారు. 1908లో వెయ్యి.

ఇటు వైపు చూస్తే అరవిందుల దగ్గర ఏమీ లేదు. అన్నకి వకీలుని పెట్టుకోవడానికి చందాలివ్వమని చెల్లెలు సరోజిని పత్రికల్లో విన్నపం చేసింది. ఈ ముక్క చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు బయట తిరిగొచ్చాను. నాన్న మా ఫీజు కోసం ఎవరిని అడిగారో నాకు తెలుసు. సరోజినికి ఎక్కడెక్కడి నుంచో డబ్బులొచ్చాయి. అడుక్కుని కూడబెట్టుకున్న ఒక్క రూపాయిని ఓ గుడ్డి బిచ్చగాడు ఇచ్చేశాడని ఆనాటి కథనాల్లో ఉంది. అయినా చాలలేదు. ముందు పెట్టుకున్న పెద్ద బారిస్టర్ల ఖర్చుకి ఆ డబ్బు అయిపోవచ్చింది. డబ్బైపోయాక వకీళ్ళు తప్పుకున్నారు.

అప్పుడు దాస్ వచ్చారు. 38 ఏళ్ళవాడు, దివాలా ముద్ర ఇంకా పోలేదు. చేతిలో ఉన్న వేరే కేసులన్నీ పక్కన పెట్టేశారు. ఫీజంటూ చెప్పుకోదగ్గదేమీ లేదు. కేసు ముగిసేలోపు గుర్రబ్బండి అమ్ముకోవాల్సి వచ్చిందంటారు. అరవిందులు అప్పటిదాకా తన వకీళ్ళ కోసం జైల్లో కూర్చుని నోట్సు రాసుకుంటూ ఉండేవారు. ఏ సాక్ష్యం ఎలా తప్పో, ఏ ప్రశ్న వెయ్యాలో అన్నీ. దాస్ వచ్చాక ఆ నోట్సు పక్కన పెట్టేసి మొత్తం ఆయనకే వదిలేశారు. దాన్ని అరవిందులు దైవనిర్ణయంగా చెప్పుకున్నారు. నాకు అంత లోతు తెలీదు గానీ, కేసులో ఇరుక్కున్నవాడికి రాత్రి నిద్ర పట్టడమంటే ఏంటో తెలుసు.

1908 అక్టోబరు 19న అలీపూర్ సెషన్స్ కోర్టులో విచారణ మొదలైంది. జడ్జి పేరు బీచ్‌క్రాఫ్ట్. కథల్లో రాస్తే ఎవరూ నమ్మరు గానీ, ఈయనా అరవిందులూ ఒకే ఏడాది ఐసీఎస్ పరీక్ష రాసినవాళ్ళు. గ్రీకులో అరవిందులు మొదట, బీచ్‌క్రాఫ్ట్ రెండో స్థానం. ఇప్పుడు ఫస్టొచ్చినాయన ఇనుప వల బిగించిన బోనులో, సెకండొచ్చినాయన బెంచి మీద.

బోనుకి వల ఎందుకంటే అంతకుముందు ఒక ఘోరం జరిగింది. ముద్దాయిల్లో నరేంద్ర గోస్వామి అనే అతను అప్రూవరుగా మారి అందరి పేర్లూ చెప్పేశాడు. ఆగస్టు 31న జైలు లోపలే కన్నైలాల్ దత్త, సత్యేంద్రనాథ్ బోస్ అతన్ని కాల్చి చంపేశారు. ఇద్దరికీ ఉరిపడింది. గోస్వామి వాంగ్మూలాన్ని డిఫెన్సు క్రాస్ ఎగ్జామినేషన్ చేసి ఉండలేదు. చేసే అవకాశం ఇక లేదు. దాంతో ఆ వాంగ్మూలం సెషన్స్ కోర్టులో పనికి రాకుండా పోయింది. విచారణ నడుస్తుండగా 1909 ఫిబ్రవరి 10న పబ్లిక్ ప్రాసిక్యూటరు ఆశుతోష్ బిశ్వాస్‌నీ కోర్టు ఆవరణలోనే కాల్చి చంపారు. ఇలాంటి గాలిలో ముద్దాయిల పక్షాన నిలబడి మాట్లాడటం ఎంత కష్టమో ఆలోచించండి. బయట చావులు జరుగుతున్న కొద్దీ లోపల ఉన్న ప్రతివాడూ హంతకుడిలా కనపడతాడు. ఈ హత్యలు తప్పు. ఆ తప్పు లోపల ఉన్న ప్రతివాడిదీ కాదు. ఈ రెండు ముక్కల్నీ ఒకేసారి నిలబెట్టడమే అక్కడ డిఫెన్స్ లాయరు పని.

రెండువందలకి పైగా సాక్షులు. వేలల్లో కాగితాలు. వాటిల్లోంచి దాస్ ఏం చేశారో చదువుతుంటే నాకు ల్యాబులో ఫెయిలైన అసెంబ్లీని విప్పి ఒక్కో బోల్టూ పరీక్షించడం గుర్తొచ్చింది. నార్టన్ మొత్తం యంత్రాన్ని చూపిస్తున్నాడు. తమ్ముడు బాంబులు చేశాడు, తోట ఇంటివాళ్ళది, అన్న పత్రికలో స్వాతంత్ర్యం గురించి రాశాడు, కాబట్టి అన్నే సూత్రధారి. దాస్ ఒక్కో అతుకునీ పట్టుకుని ఇది బిగిసిందా అని అడుగుతూ పోయారు.

ఆ అతుకుల్లో పెద్దది మిఠాయిల ఉత్తరం. 1907 డిసెంబరులో సూరత్ కాంగ్రెస్ అప్పుడు బారీంద్ర తన అన్నకి రాశాడని చెప్పిన చిన్న ఉత్తరం. దేశమంతా మిఠాయిలు సిద్ధంగా ఉండాలన్న అర్థంలో ఉంటుంది. మిఠాయిలంటే బాంబులని నార్టన్ వాదన. ఇదొక్కటి నిలబడితే అరవిందుల మెడకి ఉరి బిగిసినట్టే. దాస్ దీన్ని ఇంటి విషయంలా చూశారు. అన్నదమ్ములిద్దరూ ఆ రోజుల్లో సూరత్‌లోనే ఉన్నారు, ఒకే ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఉత్తరం దేనికి? బెంగాలీ ఇంట్లో తమ్ముడు అన్నకి రాసేటప్పుడు వరస పెట్టి పిలుస్తాడు గానీ ఇంగ్లీషు పద్ధతిలో సంబోధించి, కింద తన పూర్తి పేరు ఇంటిపేరుతో సహా సంతకం చేస్తాడా? మీరు మీ అన్నయ్యకి వాట్సాప్ పెట్టి కింద ఇంటిపేరుతో సంతకం చేస్తారా? పైగా ఇంత ప్రమాదకరమైన కాగితాన్ని చించి పారెయ్యకుండా నెలల తరబడి ఇంట్లో ఎవరు ఉంచుకుంటారు? ఇది పుట్టించిన ఉత్తరం అని దాస్ వాదన. ఇందులో పెద్ద న్యాయశాస్త్రమేం లేదు. ఇల్లు, వరస తెలిసిన మనిషి కాగితాన్ని నింపాదిగా చదవడమే. జడ్జికి ఆ ఉత్తరం మీద నమ్మకం కుదరలేదు. దాని మీద ఆధారపడలేదు.

ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. అరవిందులు స్వాతంత్ర్యం కోరలేదని దాస్ ఎక్కడా బుకాయించలేదు. కోరారు, రాశారు, ప్రచారం చేశారు, అది నేరమైతే శిక్ష వెయ్యండన్నది ఆయన దారి. కానీ బహిరంగంగా రాయడం వేరు, రహస్యంగా బాంబులు చేయించడం వేరు. మొదటిదాన్ని ఒప్పుకున్నంత మాత్రాన రెండోది రుజువైపోదు. ముందు మేం మాట్లాడిన లాయరు ఒప్పేసుకోమన్నప్పుడు నాకు ఈ తేడా తెలీదు. నిలబడ్డానని ఒప్పుకోవడం వేరు, కొట్టాలన్న ఉద్దేశంతో నిలబడ్డానని ఒప్పుకోవడం వేరు. 3(5) పెట్టేది రెండోదానికే. మేడం పెన్సిలుతో గీత పెట్టింది సరిగ్గా ఆ లైను కిందే.

దాస్ చివరి వాదన ఎనిమిది రోజులకి పైగా సాగింది. ముగింపులో ఆయన జడ్జితో మాట్లాడుతున్నట్టే ఉంటూ రాబోయే కాలంతో మాట్లాడారంటారు. ఈ గొడవంతా సద్దుమణిగాక, ఈ మనిషి పోయాక కూడా లోకం ఇతన్ని దేశభక్తి కవిగా తలుచుకుంటుందని ఆ మాటల సారం. బోనులో ఉన్నవాణ్ణి కవి అన్న ఆ వకీలు కూడా కవే.

1909 మే 6న తీర్పు వచ్చింది. అరవిందులు విడుదల. బారీంద్రకి, ఉల్లాస్‌కర్ దత్తకి ఉరి. మరికొందరికి ద్వీపాంతరవాసం, కొందరికి అంతకన్నా తక్కువ. ఈ భాగాన్ని చాలామంది దాటేస్తారు, అరవిందుల విడుదలతో కథ అయిపోయినట్టు. దాస్ అక్కడితో ఆగలేదు. బాంబులు చేశామని స్వయంగా ఒప్పుకున్న బారీంద్ర కోసం, మిగిలిన వాళ్ళ కోసం హైకోర్టు అప్పీల్లోనూ నిలబడ్డారు. ఆ ఏడాది చివర్లో హైకోర్టు రెండు ఉరిశిక్షల్నీ యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మార్చింది. ఇద్దరూ అండమాన్ వెళ్ళారు, బతికి తిరిగొచ్చారు. నిర్దోషిని విడిపించడం ఒక్కటే డిఫెన్సు కాదు. తప్పు చేసినవాడికి చేసినంతకే శిక్ష పడేలా చూడటం కూడా అదే పని. నిజం చెప్పాలంటే అలీపూర్ కేసులో నాకు ఎక్కువ గౌరవం కలిగింది ఈ రెండో సగం మీదే.

ఆ కేసు తర్వాత దాస్‌కి తిరుగు లేకుండా పోయింది. ఢాకా కుట్ర కేసు, పెద్ద పెద్ద జమీందారీ దావాలు, రాబడి వరదలా వచ్చింది. 1913లో ఆయన చేసిన పని కలకత్తా కోర్టుల్లో చాన్నాళ్ళు చెప్పుకున్నారు. దివాలా అయ్యాక చట్టప్రకారం తీర్చక్కర్లేని పాత బాకీలన్నిటినీ పిలిచి మరీ తీర్చేసి, ఆ ముద్ర చెరిపించుకున్నారు. 1914లో నారాయణ్ అనే పత్రిక పెట్టారు. మన తెలుగువాళ్ళు సొంత రచయితలా చదువుకున్న శరత్ అందులో రాశాడు. ఆయనకి పారితోషికంగా అంకె వెయ్యని చెక్కు పంపారని చెబుతారు. పాండిచ్చేరి చేరిన అరవిందులకి చెయ్యి తిరగని రోజుల్లో తన సాగర్ సంగీత్‌ని ఇంగ్లీషులోకి అనువదించమని అడిగి అందుకు వెయ్యి రూపాయలిచ్చారు. ఊరికే ఇస్తే తీసుకోరని కాబోలు.

1920 నాగపూర్ కాంగ్రెస్ తర్వాత ప్రాక్టీసు మొత్తం వదిలేశారు. అదే గాలిలో మన ప్రకాశం గారు మద్రాసులో వదిలేసి స్వరాజ్య పత్రిక పెట్టారు. మేడం గదిలో ఫొటో చూసి నేను పొరబడింది మరీ అంత తప్పేం కాదన్నమాట. 1921 నవంబరులో వాలంటీర్ల సంఘాన్ని సర్కారు నిషేధించింది. దాస్ ముందు కొడుకు చిరరంజన్‌ని పంపారు, తర్వాత భార్య బసంతీదేవి వెళ్ళారు, ఇద్దరూ అరెస్టయ్యారు. డిసెంబరు 10న ఆయన్నీ పట్టుకెళ్ళారు. దేశంలో అంత పేరున్న డిఫెన్సు లాయరు తన కేసులో వకీలుని పెట్టుకోలేదు, తనూ వాదించుకోలేదు. సహాయ నిరాకరణ అంటే ఆ కోర్టుకీ సహకరించకపోవడమే కదా. ఆరు నెలలు పడింది. కొన్నాళ్ళు అలీపూర్ జైల్లోనే ఉన్నారు, పక్కన కుర్ర సుభాస్ చంద్రబోస్ సేవలు చేస్తూ.

ఇక్కడ మా క్లబ్ మీటింగులో ఒకడు నన్ను పట్టుకున్నాడు. మరి ఆయనే వాదించుకోలేదుగా, నువ్వెందుకు లాయరు చుట్టూ తిరుగుతున్నావని. ఆయన చేసింది చేశానని చెప్పి, ఆ చట్టమే తప్పని జైలుకెళ్ళారు. నేను గేటు దగ్గర నిలబడింది ఏ ఉద్యమం కోసమూ కాదు. మన రాజ్యాంగంలో 22వ అధికరణం అరెస్టయిన ప్రతివాడికీ తనకి నచ్చిన వకీలుని సంప్రదించే హక్కిచ్చింది. 39ఏ ప్రకారం డబ్బు లేదన్న కారణంతో న్యాయం అందకుండా పోకూడదు. అలీపూర్ రోజుల్లో సరోజిని పత్రికల్లో చెయ్యి చాచాల్సి వచ్చింది. ఇవాళ ప్రతి జిల్లా కోర్టులోనూ న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్ళకి, ఆదాయం ఒక పరిమితి లోపు ఉన్నవాళ్ళకి ఫీజు లేకుండా వకీలుని ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా చాలు. మన నోటీసు బోర్డు మీద యాంటీ ర్యాగింగ్ నంబరు ఉంది గానీ ఇది లేదు. ఎవరైనా ఒక ఏ3 షీటు మీద రాసి అంటించండి.

దాస్ 1922లో గయ కాంగ్రెస్‌కి అధ్యక్షుడయ్యారు, అక్కడ మాట నెగ్గక స్వరాజ్య పార్టీ పెట్టారు, 1924లో కలకత్తా మేయరయ్యారు. ఇవన్నీ మన సోషల్ పుస్తకాల్లో ఉన్నవే. 1923లో పాండిచ్చేరి వెళ్ళి అరవిందుల్ని కలిశారు. పద్నాలుగేళ్ళ కిందటి వకీలూ ముద్దాయీ ఒక గదిలో కూర్చుని ఏం మాట్లాడుకుని ఉంటారా అని చాలాసార్లు అనుకుంటాను. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది. 1925 జూన్ 16న డార్జిలింగ్‌లో చనిపోయారు, 54 ఏళ్ళకి. కలకత్తాలో అంతిమయాత్రకి గాంధీగారు ముందు నడిచారు. సొంత ఇల్లు అప్పటికే ప్రజలకి రాసిచ్చేశారు. అది ఆడవాళ్ళ ఆసుపత్రి అయింది, చిత్తరంజన్ సేవాసదన్. 1950లో చిత్తరంజన్ ఫ్యాక్టరీలో తయారైన మొదటి ఆవిరి ఇంజనుకి దేశబంధు అని పేరు పెట్టారు.

మా కేసులో చార్జిషీటు వచ్చింది. కాపీ ఉచితంగా ఇవ్వాలి, ఇచ్చారు. ఈసారి నేనే ముందు చదివాను, పెన్సిలు పట్టుకుని. గేటు దగ్గర నేను అరిచానని ఒక సాక్షి, నోరు మెదపలేదని ఇంకో సాక్షి చెప్పారు. మేడంకి చూపిస్తే తలూపారు. నాన్న మొదటి లాయరుకిచ్చిన సగం ఫీజు వెనక్కి రాలేదు, అడగనూ లేదు. నేరం ఒప్పుకోవడం లేదని కోర్టులో చెప్పాం. ఆ రోజు జడ్జిగారు పేరు పిలిచి అడిగినప్పుడు నా గొంతు బయటికి రాలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

దెబ్బ తగిలిన అబ్బాయి ఇప్పుడు క్యాంటీన్లో పలకరిస్తున్నాడు. మచ్చ కనపడీ కనపడనట్టుంది. నేను వాడికి సారీ చెప్పాను, కేసు కోసం కాదు. మా మీద పెట్టిన రెండు సెక్షన్లూ రాజీ పడదగ్గవే. కోర్టులో రాజీ నమోదైతే అది నిర్దోషిగా విడుదలైనట్టే లెక్కని, శిక్ష పడ్డట్టు కాదని మేడం చెప్పారు. వచ్చే లోక్ అదాలత్‌లో పెడదామంటున్నారు. వాడు సరేనన్నాడు. వాళ్ళ నాన్నగారు ఇంకా ఏమీ అనలేదు.